ఓటు మారినా కదలని సీట్లు



పౌరశాస్త్రం బోధించిన ఒక ఉపాధ్యాయుడి పేరిట శిష్యులు నెలకొల్పిన ఈ స్మారకోపన్యాసానికి ఈ ఏడు ఎంచుకున్న విషయం నియోజకవర్గాల హద్దులు. ఎన్నికలొస్తే టీ కొట్టు దగ్గర అభ్యర్థి కులం, పెట్టే ఖర్చు, మేనిఫెస్టో, పొత్తులు అన్నీ చర్చకొస్తాయి. ఏ ఊరిని ఏ నియోజకవర్గంలో కలిపారు, ఎవరు కలిపారు, ఎందుకు కలిపారు అన్న మాట మాత్రం అరుదుగా వస్తుంది. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో దశాబ్దం పాటు ఫలితాలను తేల్చింది ఆ కలపడమే. వాటిలో విస్కాన్సిన్ కథ కోర్టు రికార్డుల్లోకి దాదాపు పూర్తిగా ఎక్కింది.

2018 నవంబరులో అక్కడ గవర్నర్ ఎన్నిక జరిగింది. పదవిలో ఉన్న రిపబ్లికన్ స్కాట్ వాకర్ డెమోక్రాట్ టోనీ ఎవర్స్ చేతిలో దాదాపు 29 వేల ఓట్ల తేడాతో ఓడిపోయారు. రాష్ట్రమంతా కలిసి ఓటేసే మిగతా పదవులనూ డెమోక్రాట్లే గెలుచుకున్నారు. అదే రోజు, అవే బూత్‌లలో, అదే ఓటర్లు శాసనసభకు కూడా ఓటేశారు. 99 స్థానాల్లో రిపబ్లికన్లకు 63 వచ్చాయి, డెమోక్రాట్లకు 36. శాసనసభ ఎన్నికలో రాష్ట్రం మొత్తం మీద డెమోక్రాట్లకు పడిన ఓట్లు సుమారు 53 శాతం. చాలాచోట్ల ఎదుటి పార్టీ అభ్యర్థే లేడు కాబట్టి ఈ 53ను కొంత తగ్గించుకునే చూడాలి. ఆ ఇబ్బంది లేని లెక్క ఇంకొకటి ఉంది: రాష్ట్రం మొత్తం మీద ఓడిన వాకర్‌కు 99 నియోజకవర్గాల్లో 63 చోట్ల ఆధిక్యం వచ్చింది.

ఓడిన గవర్నర్ పదవి దిగకముందే, డిసెంబరులో, శాసనసభ ప్రత్యేకంగా సమావేశమై కొత్త గవర్నర్ అధికారాల్లో కొన్నింటికీ, కొత్త అటార్నీ జనరల్ అధికారాల్లో కొన్నింటికీ కోత పెట్టింది. వాకర్ సంతకం చేశారు. 2019 నవంబరులో తుపాకుల కొనుగోలుపై తనిఖీల కోసం ఎవర్స్ ప్రత్యేక సమావేశం పిలిస్తే సభ మొదలైనట్టే మొదలై చర్చ లేకుండా ముగిసింది. 2022 జూన్‌లో, గర్భస్రావాన్ని నిషేధించే 1849 నాటి చట్టాన్ని రద్దు చేయడానికి మళ్లీ పిలిచారు. అప్పుడూ అంతే. ఓటర్ల ఆగ్రహం తమను పదవి నుంచి దించలేదన్న భరోసా ఉన్న సభ ఇలా నడుస్తుంది.

ఓట్లకూ సీట్లకూ పొంతన కుదరకపోవడం తెలుగు ఓటర్లకు కొత్త కాదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు దాదాపు 50 శాతం ఓట్లతో 175లో 151 సీట్లు వచ్చాయి. 39 శాతం తెచ్చుకున్న తెలుగుదేశం 23 దగ్గర ఆగింది. 2024లో అదే 39 శాతం వైఎస్సార్ కాంగ్రెస్‌కు వచ్చింది, సీట్లు 11. తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమి 164 గెలిచింది. సీట్ల తేడా మాత్రమే చూస్తే ఆంధ్రప్రదేశ్ ముందు విస్కాన్సిన్ అన్యాయం చాలా చిన్నది. కానీ ఆంధ్రలో ఈ రెండు ఎన్నికలూ జరిగింది ఒకే హద్దుల మీద. 2008లో ఖరారై 2009 నుంచి అమల్లో ఉన్న గీతలే 2014లో తెలుగుదేశానికి 102, ఆ తర్వాత వైఎస్సార్ కాంగ్రెస్‌కు 151, ఆ తర్వాత కూటమికి 164 ఇచ్చాయి. గాలి ఎటు వీస్తే పటం అటు ఒరిగింది, కాస్త ఎక్కువగానే ఒరిగింది. విస్కాన్సిన్‌లో గాలి దిశ మార్చుకున్నా పటం కదలలేదు. పార్టీ కోసం గీసిన గీతను గుర్తుపట్టాలంటే ఓట్ల శాతానికి ఎన్ని సీట్లు రావాలన్న తూకం సరిపోదు. ఓటర్ల మనసు మారినప్పుడు సీట్లు మారుతున్నాయా అన్నది చూడాలి. ఈ ఉపన్యాసం చెప్పదలచుకున్నది ఇదే.

రెండు వందల ఏళ్ల విద్య

1812లో మసాచుసెట్స్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ గెరీ సెనేట్ నియోజకవర్గాల కొత్త పటంపై సంతకం చేశారు. ఎసెక్స్ కౌంటీలో ఒక నియోజకవర్గం మెలికలు తిరిగి సాలమాండర్ అనే, బల్లిని పోలిన ఉభయచర జంతువులా కనిపించడంతో బోస్టన్ పత్రిక ఒకటి దానికి గోళ్లు, రెక్కలు తగిలించి కార్టూన్ వేసింది. జెర్రీమాండరింగ్ అన్న పేరు అక్కడిదే. ఆ ఏడాది ఎన్నికల్లో ప్రతిపక్ష ఫెడరలిస్టులకు సుమారు 51,700 ఓట్లు వస్తే సెనేట్‌లో 11 సీట్లు దక్కాయి. గెరీ పార్టీకి సుమారు 50,100 ఓట్లు వస్తే 29 దక్కాయి. రాష్ట్రమంతా ఓటేసే గవర్నర్ పదవిని మాత్రం గెరీ నిలుపుకోలేకపోయారు. 2018లో విస్కాన్సిన్‌లో జరిగినదానికి 1812లోనే నమూనా ఉంది.

ఆ తర్వాత శతాబ్దంన్నర పాటు అమెరికాలో ఇంకో రకం అన్యాయం నడిచింది. జనం పట్నాలకు తరలిపోయినా పాత హద్దులనే ఉంచేసి పల్లె నియోజకవర్గాల పెత్తనాన్ని కాపాడుకోవడం. టెనసీ శాసనసభ 1901 తర్వాత ఆరు దశాబ్దాలు గీతలు మార్చలేదు. అలబామా సెనేట్‌లో అతి పెద్ద నియోజకవర్గం జనాభా అతి చిన్నదానికి 41 రెట్లు. 1962లో బేకర్ కేసు, 1964లో రెనాల్డ్స్ కేసు తీర్పులతో అమెరికా సుప్రీంకోర్టు దీనికి అడ్డుకట్ట వేసింది. ప్రతి పదేళ్ల జనగణన తర్వాత సమాన జనాభాతో హద్దులు మళ్లీ గీయాల్సిందేనని స్థిరపడింది. దీనితో పాత రోగం కుదిరింది, కానీ కొత్త రోగానికి దారి ఏర్పడింది. ప్రతి పదేళ్లకూ గీతలు తప్పనిసరిగా మారాలి. చాలా రాష్ట్రాల్లో ఆ గీతలు గీసేది శాసనసభే. ఎవరి పదవులు ఆ గీతల మీద ఆధారపడి ఉన్నాయో వాళ్ల చేతికే పెన్సిల్ అందింది.

కుక్కడం, చెదరగొట్టడం

ఇందులో ఉన్న కిటుకు రెండే పనులు. ఎదుటి పార్టీ మద్దతుదారులను కొన్ని నియోజకవర్గాల్లో కుక్కేయాలి. అక్కడ వాళ్లు భారీ మెజారిటీలతో గెలుస్తారు, అవసరానికి మించిన ఓట్లన్నీ వృథా. మిగిలినవాళ్లను తక్కిన నియోజకవర్గాల్లో చెదరగొట్టాలి. అక్కడ వాళ్లు కొద్ది తేడాతో ఓడిపోతూ ఉంటారు, ఆ ఓట్లూ వృథా.

ఒక చిన్న లెక్క వేసుకుంటే సంగతి తేటపడుతుంది. 500 మంది ఓటర్లు, నూరేసి మందితో ఐదు నియోజకవర్గాలు. రెండు పార్టీలకూ చెరో 250 మంది. ఒక నియోజకవర్గంలో రెండో పార్టీ వాళ్లు 90 మంది, మిగతా నాలుగింటిలో నలభైయేసి మంది ఉండేలా గీత గీస్తే, సమానమైన బలంతో మొదటి పార్టీ నాలుగు సీట్లు గెలుస్తుంది. ఇక్కడితో ఆగితే ఇది అన్యాయమే కానీ శాశ్వతం కాదు. తర్వాతి ఎన్నికల్లో ప్రతి నియోజకవర్గంలోనూ ఎనిమిదేసి మంది మనసు మార్చుకుని రెండో పార్టీకి ఓటేశారనుకుందాం. ఆ పార్టీ బలం 290, అంటే 58 శాతం. నాలుగు నియోజకవర్గాల్లో దాని ఓట్లు 48కి పెరుగుతాయి. నాలుగింటిలోనూ మళ్లీ ఓటమే. నూటికి 58 మంది వద్దన్న పార్టీ ఐదింట నాలుగు సీట్లతో అధికారంలో కొనసాగుతుంది. ఆట అంతా ఆ నలభై అన్న అంకెను ఎంచుకోవడంలో ఉంది. దాన్ని 45 చేస్తే గాలి మళ్లినప్పుడు కోట కూలుతుంది. 30 చేస్తే అంతమందిని కుక్కడానికి ఇంకో నియోజకవర్గం ప్రత్యర్థికి వదులుకోవాలి. ఎంత గాలిని తట్టుకోవాలో ముందే అంచనా వేసుకుని గోడ ఎత్తు నిర్ణయించుకోవాలి.

1812లో ఆ అంచనా అనుభవంతో వేసేవారు. 2011 నాటికి కంప్యూటర్ వచ్చింది.

మాడిసన్‌లో ఒక గది

విస్కాన్సిన్‌లో 1982లో, 1992లో, 2002లో హద్దులను కోర్టులే గీశాయి. గవర్నర్ పదవి, రెండు సభలూ ఒకే పార్టీ చేతిలో లేనందువల్ల రాజీ కుదరలేదు. 2010 ఎన్నికల్లో ఆ అడ్డు తొలగింది. గవర్నర్ పదవి, శాసనసభ, సెనేట్ మూడూ రిపబ్లికన్ల చేతికొచ్చాయి. అది యాదృచ్ఛికం కూడా కాదు. జనగణన ఏడాదిలో రాష్ట్ర సభలను గెలిస్తే పదేళ్ల హద్దులు చేతికొస్తాయన్న లెక్కతో రిపబ్లికన్లు ‘రెడ్‌మ్యాప్’ పేరుతో దేశవ్యాప్తంగా దాదాపు 3 కోట్ల డాలర్లు ఆ ఏడాది రాష్ట్ర ఎన్నికల మీద కుమ్మరించారు.

రాజధాని మాడిసన్‌లో కేపిటల్ భవనానికి ఎదురుగా ఉన్న ఒక లాయర్ల సంస్థ ఆఫీసులో ఒక గది తీసుకున్నారు. దానికి పటాల గది అని పేరు. అందులోకి డెమోక్రాట్లకు ప్రవేశం లేదు. రిపబ్లికన్ సభ్యులు కూడా రహస్యం కాపాడతామని సంతకం పెట్టి, ఒక్కొక్కరుగా వచ్చి తమ నియోజకవర్గం కొత్త హద్దులు మాత్రం చూసుకుని వెళ్లారు. అక్కడ తయారైన ముసాయిదా పటాలకు గీసినవాళ్లు పెట్టుకున్న పేర్లలో ‘అసర్టివ్’, ‘అగ్రెసివ్’ ఉన్నాయి. ప్రతి ముసాయిదా పక్కనా ఎన్ని సీట్లు ఖాయం, ఎన్ని మొగ్గు ఉన్నవి, ఎన్ని నువ్వా నేనా అన్నవి అని పట్టికలు.

ఓక్లహోమా విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ కీత్ గాడీ సలహాదారుగా వచ్చి, పాత ఎన్నికల ఓట్లను కొత్త నియోజకవర్గాల మీద పరిచి చూసే గణిత నమూనా తయారుచేశారు. ఎస్ అక్షరం ఆకారంలో వంపు తిరిగే గ్రాఫులవి. రాష్ట్రంలో రిపబ్లికన్ల ఓటు ఒక్కో శాతం చొప్పున పెరుగుతూ, తగ్గుతూ పోతే ఎన్ని సీట్లు ఎటు పడతాయో ఆ వంపు చూపిస్తుంది. ఊహించదగిన ఎలాంటి ఎన్నికలోనైనా మెజారిటీ చెయ్యి జారకూడదు: ఈ పరీక్షలో నెగ్గిన పటమే బిల్లుగా మారింది. ఓటరు మనసు మారినా సీటు మారకూడదన్నది తర్వాత విమర్శకులు కట్టిన ఆరోపణ మాత్రమే కాదు. గీసినవాళ్లు ముందే కొలిచి చూసుకున్న గుణం.

2011 జులై 11న బిల్లు బయటికొచ్చింది. పది రోజులు తిరక్కుండా రెండు సభలూ ఆమోదించాయి. ఆగస్టు 9న వాకర్ సంతకం చేశారు. 2012లో రెండు పార్టీల ఓట్లలో 48.6 శాతం వాటాతో రిపబ్లికన్లు 60 సీట్లు గెలిచారు. 2014లో వాటా 52కు పెరిగితే సీట్లు 63 అయ్యాయి. 2018లో ఎదురుగాలి వీచినా 63.

ఊళ్లే అలా ఉన్నాయన్న వాదన

దీనికి రిపబ్లికన్ల జవాబును తేలిగ్గా తీసిపారేయడానికి వీల్లేదు. డెమోక్రాట్ల ఓటర్లు మిల్వాకీలో, మాడిసన్‌లో గుంపుగా ఉంటారు. కొన్ని పేటల్లో నూటికి 80, 90 ఓట్లు వాళ్లవే. రిపబ్లికన్లు చిన్న పట్నాల్లో, పల్లెల్లో పలచగా పరుచుకుని ఉంటారు. అంటే ఎవరూ కుట్ర చేయకపోయినా డెమోక్రాట్లు తమంతట తామే ఒకచోట కుక్కుకుని కూర్చున్నారు. స్టాన్‌ఫర్డ్ పండితుడు జొనాథన్ రాడెన్ 2019లో ప్రచురించిన పుస్తకంలో నగరాల పార్టీలకు ఈ నష్టం చాలా దేశాల్లో ఎలా ఉందో వివరించారు.

దీన్ని తేల్చడానికి మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జోవీ చెన్ మంచి మార్గం పట్టారు. పార్టీల ఓట్లు చూడకుండా, సమాన జనాభా, ఊళ్లు చీల్చకపోవడం వంటి మామూలు నియమాలతో విస్కాన్సిన్‌కు 200 పటాలను కంప్యూటర్‌తో గీయించారు. చాలా పటాల్లో రిపబ్లికన్లకు సహజమైన మొగ్గు ఎంతోకొంత కనిపించింది. అంటే వాళ్ల వాదనలో నిజం ఉంది. అయితే 2011 నాటి అసలు పటం ఆ 200లో దేని దరిదాపుల్లోనూ లేదు. కొంత భూగోళం ఇచ్చింది, మిగతాది పటాల గది ఇచ్చింది.

ఈ విద్య ఒక పార్టీ సొత్తూ కాదు. మేరీలాండ్‌లో అదే 2011లో డెమోక్రాట్లు పార్లమెంటు ఆరో నియోజకవర్గాన్ని లక్షలాది ఓటర్లను అటూ ఇటూ మార్చి తిరగరాశారు. ఇరవై ఏళ్లుగా అక్కడ గెలుస్తున్న రిపబ్లికన్ రోస్కో బార్ట్‌లెట్ 2012లో ఓడిపోయారు. ఆ సీటును డెమోక్రాట్లకు అనుకూలంగా మార్చడమే ఉద్దేశమని అప్పటి గవర్నర్ మార్టిన్ ఒమాలీ తర్వాత ప్రమాణపూర్వక వాంగ్మూలంలోనే ఒప్పుకున్నారు.

కొలబద్ద కోసం వెతుకులాట

విస్కాన్సిన్ పటాన్ని 2015లో పన్నెండు మంది ఓటర్లు ఫెడరల్ కోర్టుకెక్కించారు. వాళ్లలో మొదటి పేరు విశ్రాంత న్యాయశాస్త్ర ఆచార్యుడు విలియం విట్‌ఫర్డ్‌ది. పార్టీ స్వార్థంతో గీసిన పటం చెల్లదనడానికి కొలబద్ద ఉంటే చూపించమని సుప్రీంకోర్టు జస్టిస్ ఆంథొనీ కెనెడీ 2004లోనే ఒక కేసులో అడిగారు. పరిశోధకులు నికొలస్ స్టెఫనోపులోస్, ఎరిక్ మెగీ కలిసి దానికి జవాబుగా ‘ఎఫిషియెన్సీ గ్యాప్’ అనే లెక్క కట్టారు. ఓడిన అభ్యర్థికి పడినవన్నీ, గెలిచిన అభ్యర్థికి అవసరానికి మించి పడినవన్నీ వృథా ఓట్లు; రెండు పార్టీల వృథా ఓట్ల తేడాను మొత్తం ఓట్లతో భాగించాలి. పైన వేసుకున్న ఐదు నియోజకవర్గాల లెక్కలో, సగానికి మించినవన్నీ అదనంగా తీసుకుంటే, రెండో పార్టీవి 200 వృథా, మొదటి పార్టీవి 50. తేడా 150, అంటే 30 శాతం. విస్కాన్సిన్‌లో ఇది 2012లో దాదాపు 13 శాతం, 2014లో దాదాపు 10 శాతం.

2016 నవంబరులో ముగ్గురు జడ్జిల ధర్మాసనం 2-1 తేడాతో పటం రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చింది. సుప్రీంకోర్టుకు వెళ్లేసరికి కథ మారింది. విచారణ సమయంలో చీఫ్ జస్టిస్ జాన్ రాబర్ట్స్ ఈ లెక్కలను సమాజశాస్త్రపు గజిబిజిగా తీసిపారేశారు. 2018 జూన్ 18న కోర్టు అసలు విషయంలోకి పోకుండా, ఫిర్యాదుదారులు తమ సొంత నియోజకవర్గంలో తమకు జరిగిన నష్టమేమిటో చూపలేదని కేసును వెనక్కి పంపింది. విట్‌ఫర్డ్ ఉండేది మాడిసన్‌లో. పటం ఎలా గీసినా అక్కడ డెమోక్రాట్లే గెలుస్తారు కాబట్టి ఆయనకు నష్టమేమిటన్నది కోర్టు ప్రశ్న. రాష్ట్రమంతటికీ జరిగిన నష్టాన్ని ఒక్క పేటలో చూపమన్నట్టయింది.

ఆ కొలబద్దకు లోపం లేదని కాదు. ఆంధ్రప్రదేశ్ మీద పెట్టి చూస్తే లోపం ఇట్టే కనిపిస్తుంది. రెండు ప్రధాన పక్షాల ఓట్లనే తీసుకుని స్థూలంగా లెక్కిస్తే 2019లోనూ 2024లోనూ ఆ గ్యాప్ 20 శాతం దాటుతుంది, అంటే విస్కాన్సిన్ కన్నా ఎక్కువ. అయితే ఒకసారి ఒక పక్షానికి, ఇంకోసారి ఎదుటి పక్షానికి. ఒక్క ఎన్నిక ఫొటో చూసి తీర్పు చెప్పే లెక్క ఈ తేడాను పట్టుకోలేదు. వరసగా కొన్ని ఎన్నికలు, లేదా ఊహించదగిన రకరకాల గాలులు, అన్నిటిలోనూ ఒకే పక్షం వైపు నిలబడే పటమే అనుమానించదగ్గది. గాడీ గీసిన వంపులు చూసేదీ, చెన్ గీయించిన 200 పటాలు చూసేదీ ఈ గుణాన్నే.

విట్‌ఫర్డ్ తీర్పు వచ్చిన తొమ్మిది రోజులకు, కొలబద్ద అడిగిన కెనెడీ రిటైర్మెంట్ ప్రకటించారు. సరిగ్గా ఏడాదికి, 2019 జూన్ 27న, రూచో కేసులో కోర్టు 5-4 తేడాతో తలుపు మూసేసింది. ఆ కేసు నార్త్ కరొలైనాది. పది సీట్లు రిపబ్లికన్లకు, మూడు డెమోక్రాట్లకు వచ్చేలా పటం గీయమని, పదకొండు-రెండు సాధ్యం కాదనిపించడం వల్లనే పది అంటున్నామని అక్కడి శాసనసభ నాయకుడు కమిటీలో బాహాటంగానే చెప్పారు. 2016లో దాదాపు 53 శాతం ఓట్లకు సరిగ్గా పదే వచ్చాయి. మేరీలాండ్ కేసును కూడా దీనితో కలిపే విన్నారు. ఇలాంటి పటాలు ప్రజాస్వామ్య సూత్రాలతో పొసగవని మెజారిటీ తీర్పే ఒప్పుకుంది. కానీ వాటిని సరిదిద్దే పని ఫెడరల్ జడ్జిలది కాదంది. రాష్ట్ర రాజ్యాంగాలు, రాష్ట్ర కోర్టులు, కమిషన్లు చూసుకోవాలంది. జస్టిస్ ఎలీనా కేగన్ భిన్నతీర్పు రాశారు.

రాష్ట్రాల చేతికొచ్చిన పని

రాష్ట్ర కోర్టుల దారి ఎంత అస్థిరమో నార్త్ కరొలైనా చూపించింది. 2022లో రాష్ట్ర సుప్రీంకోర్టు పక్షపాత పటాన్ని కొట్టేసింది. ఆ ఏడాది ఎన్నికల్లో పార్లమెంటు సీట్లను రెండు పార్టీలూ 7-7గా పంచుకున్నాయి. అదే ఎన్నికల్లో కోర్టు మెజారిటీ కూడా మారింది. అక్కడ జడ్జిలనూ ఓటర్లే ఎన్నుకుంటారు. 2023 ఏప్రిల్‌లో కోర్టు తన తీర్పును తానే తిరగదోడింది. కొత్త పటంతో 2024లో రిపబ్లికన్లకు 10, డెమోక్రాట్లకు 4. కేరీ, మోరిస్‌విల్ ప్రాంతాల్లో స్థిరపడి పౌరసత్వం తీసుకున్న తెలుగు కుటుంబాలు ఇల్లు మారకుండానే ఇలా మారే గీతల మధ్య ఓటు వేస్తూ వచ్చాయి.

విస్కాన్సిన్‌లోనూ మార్పు కోర్టు ఎన్నికతోనే వచ్చింది. 2020 జనగణన తర్వాత ఎవర్స్ శాసనసభ పటాన్ని వీటో చేస్తే, రాష్ట్ర సుప్రీంకోర్టు పాత పటానికి వీలైనంత తక్కువ మార్పులే చేయాలని సూత్రం పెట్టింది. పాత పటమే వంకర కాబట్టి వంకర నిలిచింది. 2022లో ఎవర్స్ మూడు శాతానికి పైగా తేడాతో మళ్లీ గెలిచారు, రిపబ్లికన్లు శాసనసభలో 64 సీట్లు గెలిచారు, 33 మంది సెనేట్‌లో వాళ్ల బలం 22కు చేరింది. 2023 ఏప్రిల్‌లో కోర్టులో ఒక స్థానానికి ఎన్నిక వచ్చింది. పటాలు మోసపూరితమని ప్రచారంలోనే చెప్పిన జానెట్ ప్రొటసేవిట్స్ 11 శాతం తేడాతో గెలిచారు. గీతల్లో బందీ అయిన రాష్ట్రంలో, గీతలు లేని ఎన్నిక అది.

2023 డిసెంబరు 22న కోర్టు 4-3తో పటాన్ని కొట్టేసింది. ఆశ్చర్యమేమిటంటే పార్టీ పక్షపాతమన్న కారణం మీద కాదు. నియోజకవర్గం భూభాగం తెగకుండా ఒకే ముక్కగా ఉండాలని రాష్ట్ర రాజ్యాంగం చెబుతుంది. 99లో కనీసం 50 నియోజకవర్గాలు, 33లో కనీసం 20 సెనేట్ నియోజకవర్గాలు ముక్కలుగా ఉన్నాయని కోర్టు తేల్చింది. చివరికి 2024 ఫిబ్రవరిలో రిపబ్లికన్ సభే ఎవర్స్ పటాన్ని ఆమోదించింది. కోర్టు ఎంచుకోబోయే పటాలన్నిటిలో తమకు తక్కువ నష్టం ఇదేనని లెక్కేసుకుంది. చాలామంది డెమోక్రాట్లు ఇందులో మెలిక ఉందేమోనన్న అనుమానంతో తమ గవర్నర్ పటానికే వ్యతిరేకంగా ఓటేశారు. ఆ నవంబరులో ట్రంప్ రాష్ట్రాన్ని ఒక శాతం లోపు తేడాతో గెలిచారు. శాసనసభ 54-45, సెనేట్ 18-15. మెజారిటీ రిపబ్లికన్లదే. కానీ కొద్దిపాటి గాలికి చేతులు మారగల మెజారిటీ.

మిషిగన్‌లో మార్పు కోర్టు ఎన్నికతో కాక నేరుగా ఓటర్ల తీర్పుతో వచ్చింది. 2016 ఎన్నికల తర్వాత కేటీ ఫేహీ అనే యువతి ఫేస్‌బుక్‌లో పెట్టిన చిన్న పోస్టుతో మొదలైన ఉద్యమం లక్షల సంతకాలు సేకరించి రాజ్యాంగ సవరణను ఓటింగుకు తెచ్చింది. 2018లో 61 శాతం మంది అవునన్నారు. శాసనసభ చేతిలోంచి గీత గీసే పని 13 మంది పౌరుల కమిషన్‌కు మారింది: నలుగురు డెమోక్రాట్లు, నలుగురు రిపబ్లికన్లు, ఏ పార్టీకీ చెందని ఐదుగురు. 2022లో డెమోక్రాట్లు దాదాపు నలభై ఏళ్ల తర్వాత రెండు సభలూ గెలిచారు. దిగువ సభలో 56-54. 2024లో గాలి మళ్లితే అదే సభ 58-52తో రిపబ్లికన్లకు వెళ్లింది. రెండేళ్లలో అటూ ఇటూ వంగిన పటమది. తప్పులు లేవని కాదు: డెట్రాయిట్ ప్రాంతంలో 13 నియోజకవర్గాలను జాతిని ప్రధానంగా చూసి గీశారని 2023 డిసెంబరులో ఫెడరల్ కోర్టు కొట్టేసింది. ఆ తప్పు కోర్టులో తేలింది, దిగువ సభ హద్దులు తర్వాతి ఎన్నికల లోపే మారాయి.

విస్కాన్సిన్ ఓటర్లకు ఆ దారి లేదు. సంతకాలు సేకరించి రాజ్యాంగ సవరణను నేరుగా ఓటింగుకు తెచ్చే హక్కు ఆ రాష్ట్రంలో పౌరులకు లేదు. 2030 జనగణన తర్వాత గవర్నర్, రెండు సభలూ ఒకే పార్టీ చేతికొస్తే, అది ఏ పార్టీ అయినా, 2011 నాటి గది మళ్లీ తెరవడానికి పెద్ద అడ్డేమీ లేదు. పదేళ్లకోసారి అన్న మర్యాద కూడా ఇప్పుడు చెదిరింది. 2025లో టెక్సాస్ రిపబ్లికన్లు ఐదు పార్లమెంటు సీట్ల కోసం మధ్యలోనే పటం మార్చారు. దానికి జవాబుగా కాలిఫోర్నియా డెమోక్రాట్లు తమ పౌర కమిషన్ గీసిన పటాన్ని పక్కనపెట్టేందుకు నవంబరులో ఓటర్ల ఆమోదం తెచ్చుకున్నారు.

ఇక్కడి గీతలు

భారతదేశంలో శాసనసభ హద్దులు గీసే పని శాసనసభది కాదు. 2002 చట్టం కింద ఏర్పడిన డీలిమిటేషన్ కమిషన్‌కు జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షత వహించారు. ఎన్నికల కమిషన్ ప్రతినిధి, రాష్ట్ర ఎన్నికల కమిషనర్ సభ్యులు. ప్రతి రాష్ట్రం నుంచి ఐదుగురు ఎంపీలు, ఐదుగురు ఎమ్మెల్యేలు కూర్చుంటారు కానీ వాళ్లకు ఓటు లేదు. ముసాయిదా ప్రచురించి బహిరంగ విచారణలు జరపాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పటాలు ఇటూ అటూ ఒరగగలగడానికి ఒక కారణం ఇది. తెలంగాణలోనూ అవే హద్దుల మీద 2018లో తెలంగాణ రాష్ట్ర సమితికి 88, 2023లో కాంగ్రెస్‌కు 64 సీట్లు వచ్చాయి.

ఇప్పుడు దేశంలో డీలిమిటేషన్ మీద జరుగుతున్న గొడవ ముఖ్యంగా ఏ రాష్ట్రానికి ఎన్ని ఎంపీ సీట్లన్నది. అది పెద్ద ప్రశ్నే, కానీ వేరే ప్రశ్న. రాష్ట్రం లోపల గీతలు ఎలా పడతాయన్నది దాని నీడలో మరుగున పడిపోతోంది. 2014 విభజన చట్టం 26వ సెక్షన్ ఆంధ్రప్రదేశ్ సీట్లను 175 నుంచి 225కు, తెలంగాణ సీట్లను 119 నుంచి 153కు పెంచాలంది. అది రాజ్యాంగంలోని 170వ అధికరణకు లోబడి ఉందని, ఆ అధికరణ 2026 తర్వాతి తొలి జనగణన దాకా ఆగమంటోందని 2025 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది. జనగణనకు 2027 మార్చి 1 తేదీగా ప్రకటించారు. ఆ తర్వాత సీట్లు పెరిగితే రెండు రాష్ట్రాల్లోనూ మొత్తం పటం కొత్తగా గీయాల్సిందే. కమిషన్ తుది ఉత్తర్వుకు చట్టంతో సమానమైన బలం ఉంటుంది. కోర్టులో దాన్ని సవాలు చేయడానికి ఉన్న సందు చాలా ఇరుకు. ముసాయిదా దశలో అడగనివి తర్వాత అడిగి లాభం తక్కువ.

ఆ దశలో ఓటర్లు చేయగలిగిన పని ఒకటుంది, దానికి రహస్య గది అక్కర్లేదు. ప్రతి ఎన్నిక తర్వాత బూత్‌వారీ ఓట్లతో ఫారం 20 పట్టికలను ఎన్నికల అధికారులు బయటపెడతారు. ఆంధ్రప్రదేశ్‌కు 2014, 2019, 2024, మూడూ మూడు రకాల గాలులు. తెలంగాణకు 2014, 2018, 2023. ముసాయిదాలో ఏ గ్రామం, ఏ వార్డు ఏ నియోజకవర్గంలో పడిందో చూసి ఈ మూడు ఎన్నికల ఓట్లనూ కొత్త హద్దుల మీద పరిచి లెక్కిస్తే, కొత్త పటం కూడా పాత పటంలా మూడుసార్లూ మూడు ఫలితాలు ఇస్తుందా, లేక ఒకే పక్షాన్ని పట్టుకుని ఉంటుందా అన్నది తెలుస్తుంది. మాడిసన్‌లో 2011లో తలుపులు వేసుకుని చేసిన లెక్క కూడా దాదాపు ఇదే. జిల్లాకో డిగ్రీ కాలేజీలో గణాంకశాస్త్రం విద్యార్థులు ఒక సెమిస్టర్ ప్రాజెక్టుగా దీన్ని చేయగలరు, చేసిన పట్టికలతో బహిరంగ విచారణకు వెళ్లగలరు. ఈ రెండు రాష్ట్రాల్లో మున్సిపల్ వార్డుల హద్దులు గీసేది రాష్ట్ర ప్రభుత్వ యంత్రాంగమే, అక్కడ స్వతంత్ర కమిషన్ లేదు. కాబట్టి ఈ సాధన అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.